మినీ ట్రాక్టర్ కొంటున్నారా? ముందు పని గంటలు లెక్కేయండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: ఐదారెకరాల రైతు తొలిసారి చిన్న ట్రాక్టర్ కొనవచ్చా, కొంటే ఏది, ఎలా? వాటిలో కొన్నింటికి జవాబులు ఇస్తున్నాం. ధరలు డీలరును బట్టి, ఊరును బట్టి మారతాయి. లెక్కల్లో మేం వేసిన అంకెలు నమూనాకే. మీ కొటేషన్‌లోని అంకెలు పెట్టి మళ్లీ లెక్క చూసుకోండి.

ప్రశ్న: మాకు నూజివీడు దగ్గర ఆరెకరాల మామిడి తోట ఉంది. 33 అడుగుల ఎడంతో నాటిన పాత చెట్లు. దుక్కికి, మందు కొట్టడానికి, కాయ తోలడానికి అద్దె ట్రాక్టర్ అదనుకు దొరకడం లేదు. 15 హెచ్‌పీ చాలని తెలిసినవాళ్లు, 28 తీసుకోమని డీలర్లు అంటున్నారు. ఏది కొనాలి?

జవాబు: హెచ్‌పీ సంగతి తర్వాత. ముందు మీ ఏడాది పనిని గంటల్లోకి మార్చండి. నాలుగడుగుల రోటావేటర్ (తిరిగే బ్లేళ్లతో నేలను గుల్ల చేసే పనిముట్టు) గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో నడిస్తే, మలుపులూ ఆగడాలూ కలుపుకొని ఎకరాకు రెండు గంటల లోపు పడుతుంది. కోత అయ్యాక తొలకరిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి దున్నితే ఆరెకరాలకు సుమారు 24 గంటలు. పూత నుంచి పిందె వరకు నాలుగు పిచికారీలు, ఎకరాకు గంట చొప్పున ఇంకో 24. కాయ, ఎరువు తోలకానికి 40 వేసుకుందాం. మొత్తం 90 గంటలకు మించదు.

ఇప్పుడు డబ్బు. బండి 5.5 లక్షలు, చేతి సొమ్ము లక్ష, అప్పు 4.5 లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లపాటు ఆరు నెలలకోసారి వాయిదా అనుకుంటే వాయిదా దాదాపు 59,700 వస్తుంది. ఏడాదికి 1.2 లక్షలు. దాన్ని 90 గంటలకు పంచితే డీజిల్, డ్రైవరు, మరమ్మతు కలపకముందే గంటకు 1,300 దాటుతుంది. అదే బండి ఏడాదికి 300 గంటలు తిరిగితే 400కు దిగుతుంది. మీ ఊళ్లో గంట అద్దె ఎంతో మీకు తెలుసు, పక్కపక్కన పెట్టి చూడండి.

లెక్క ఒక్కటే చూస్తే వద్దనే చెప్పాలి. కానీ తేనెమంచు పురుగు మందు నాలుగు రోజులు వెనకబడితే పూత మాడిపోతుంది, ఆ నష్టం అద్దె లెక్కలో కనిపించదు. పక్క తోటలవాళ్లకు కూడా పిచికారీ, దుక్కి చేసిపెట్టి 250 గంటలైనా తిప్పగలమనుకుంటేనే ముందుకు వెళ్లండి.

ఇక ఏ బండి అన్నది. మీ పనుల్లో ఎక్కువ శక్తి అడిగేది రోటావేటర్ ఒక్కటే. మందు పంపుకు ఏ మినీ ట్రాక్టర్ అయినా చాలు. ఇంజిన్ మీద రాసిన హెచ్‌పీ అంతా వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టుకు చేరదు, దాదాపు 85 శాతమే చేరుతుంది. 15 హెచ్‌పీ బండి మూడడుగుల రోటావేటర్‌ను లాగుతుంది, అదీ నేల పదును మీద ఉన్నప్పుడు. 24 నుంచి 28 హెచ్‌పీ నాలుగడుగులది లాగుతుంది. ఇంకో సూక్ష్మం ఉంది: రోటావేటర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం కంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే దున్నిన నేలనే టైరు మళ్లీ తొక్కి అణుస్తుంది, ప్రతి సాలుకూ ఒక గట్టి చార మిగులుతుంది. అందుకే ట్రాక్టర్‌కు ముందే రోటావేటర్ నిర్ణయించుకోండి, దాన్ని లాగే బండి కోసం ఆ తర్వాత వెతకండి.

24 హెచ్‌పీ తరగతిలో కుబోటా నియోస్టార్ బీ2441, మహీంద్రా జీవో 245 డీఐ, 28లో జాన్ డీర్ 3028ఈఎన్ ఉన్నాయి. మూడూ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే. స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 వంటివి 15 హెచ్‌పీ ఒంటి సిలిండర్ బండ్లు. ధర తక్కువ, డీజిల్ తక్కువ, కుదుపు ఎక్కువ. 33 అడుగుల ఎడం ఉన్న తోటలో వెడల్పు మీకు సమస్య కాదు, ఎత్తు సమస్య. కొమ్మలు వంగిన పాత చెట్ల కింద అతి తక్కువ ఎత్తున్న కొమ్మను టేపుతో కొలవండి. సైలెన్సర్ నిలువుగా పైకి ఉన్న బండికి, కిందికి తిప్పిన బండికి ఆ కొలతలోనే తేడా తేలిపోతుంది. మొదలు దగ్గర మూడు నాలుగు అంగుళాలకు మించి రోటావేటర్ దించకండి. మేత వేర్లు పైపైనే ఉంటాయి.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగడుగుల రోటావేటర్. 28 కోసం డీలరు అడిగే అదనపు సొమ్ముకు మీ తోటలో పని లేదు. కొనేముందు బండిని మీ తోటకే తెప్పించి, రోటావేటర్ తగిలించి, డెమో ఒక పూటైనా నడిపించండి. షోరూమ్ సిమెంటు నేల మీద ఏ బండైనా బాగానే నడుస్తుంది.

ప్రశ్న: బ్రోషర్‌లో లిఫ్ట్ సామర్థ్యం 750 కిలోలు అని ఉంది. 300 కిలోల రోటావేటర్ తగిలిస్తే ముందు చక్రాలు లేస్తున్నాయని పక్క ఊరి రైతు అంటున్నారు. ఇదెలా? (చిత్తూరు జిల్లా)

జవాబు: రెండూ నిజమే. బ్రోషర్ అంకె సాధారణంగా పనిముట్టు తగిలించే కింది లింకుల కొసన, అంటే బంతుల దగ్గర కొలిచినది. పనిముట్టు బరువు అక్కడ ఉండదు, రెండడుగుల వెనక ఉంటుంది. అంత దూరానికి సామర్థ్యం బాగా పడిపోతుంది. పైగా హైడ్రాలిక్ ఎత్తగలగడం వేరు, ఎత్తినప్పుడు ముందు భాగం నేల మీద నిలవడం వేరు. బండి తేలికైనదైతే వెనక ఇరుసే ఆనుబిందువై ముక్కు లేస్తుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ముందు బంపర్‌కు తగిలించే బరువులు బండితో పాటే అడిగి తీసుకోండి. పనిముట్టును పైన పట్టి ఉంచే టాప్ లింక్‌ను అనవసరంగా పొడిగించకండి.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్ష సంస్థ ఉంది. అక్కడ పరీక్షించిన మోడళ్ల నివేదికల్లో పీటీవో శక్తి, డీజిల్ ఖర్చు, లిఫ్ట్ విడివిడిగా ఉంటాయి. మీరు అనుకుంటున్న మోడల్ నివేదిక చూపించమని డీలరును అడగండి.

లింకుల మధ్య వెడల్పు కూడా కొలవండి. కొన్ని మినీ ట్రాక్టర్లలో అది మామూలు కేటగిరీ 1 అనే ప్రామాణిక కొలత కంటే ఇరుకుగా ఉంటుంది. పెద్ద బండికి చేసిన కల్టివేటర్ చవగ్గా దొరికిందని తెస్తే పిన్నులు అందవు.

ప్రశ్న: తిప్పర్తి మండలంలో మాకు మూడెకరాల బత్తాయి, రెండెకరాల వరి ఉన్నాయి. తోట కోసం కొనే మినీ ట్రాక్టర్ కరిగెటకు కూడా పనికొస్తుందా?

జవాబు: మడిని బట్టి. నీళ్లు పెట్టి నానిన మడిలోకి దిగి, గట్టి పొర తగిలేదాకా కాలు ఎంత దిగుతోందో నాలుగైదు చోట్ల చూడండి. మినీ ట్రాక్టర్ వెనక చక్రం ఇరుసు నేలకు దాదాపు ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటుంది. అది చూసి ధైర్యపడతారు. కానీ ఫోర్ వీల్ బండి ముందు చక్రం చిన్నది, దాని హబ్ (చక్రం నడిమి భాగం) 11 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. బురద ఎనిమిది అంగుళాలు దాటితే ముందు హబ్ ఆయిల్ సీళ్లు బురదలోనే తిరుగుతాయి. ఎనిమిది లోపైతే నాలుగడుగుల రోటావేటర్‌తో దమ్ము బాగానే వస్తుంది. మోకాలిదాకా దిగే రేగడి మడి అయితే ఆ రెండెకరాలకు పెద్ద బండిని అద్దెకు పిలుచుకోవడమే మేలు.

ఇనుప దమ్ము చక్రాలు వేస్తే వెడల్పు తక్కువవి వేయండి. ఎక్కువ బయటికి వస్తే ఇరుసు బేరింగ్ మీద భారం పెరుగుతుంది. వాటితో తారు రోడ్డు ఎక్కకూడదు.

దమ్ము అయిన ప్రతి సాయంత్రం చేయాల్సిన పని ఉంది. చక్రాల లోపలి వైపు చుట్టుకున్న గడ్డి, పాత తాళ్లు లాగి పారేయండి. సీలును కోసేవి అవే. నీళ్లతో కడిగాక ముందు ఇరుసు పిన్ను, కింగ్ పిన్ నిపుళ్లకు పాత గ్రీజు బురదతో సహా బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి. వారానికోసారి హబ్ ఆయిల్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి రెండు చుక్కలు వేలి మీద పట్టండి. తేనె రంగులో ఉంటే సరే, మజ్జిగలా తెల్లగా ఉంటే నీరు చేరింది. అప్పుడు సీలు, ఆయిల్ మారిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. ఆ సీజన్ గడిపేద్దామనుకుంటే బేరింగులు, గేర్లు తుప్పు పట్టి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

బండి దిగబడితే చక్రాలు గిరగిర తిప్పకండి, ఇంకా దిగుతుంది. రోటావేటర్ విప్పి, రివర్స్‌లో వచ్చిన దారినే రావాలి. రాకపోతే ఇంకో బండితో లాగించాలి. వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు తోలడం చాలా ఊళ్లలో చూస్తాం. చక్రం తిరగలేకపోతే ఇరుసు చుట్టూ బండే లేస్తుంది, రెప్పపాటులో డ్రైవరు మీద పడుతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

ఎండిన నేల మీద, రోడ్డు మీద ఫోర్ వీల్ లీవర్ తీసేయండి. ముందు, వెనక చక్రాల వేగం కొద్దిగా వేరుగా ఉంటుంది. గట్టి నేల మీద జారే వీలు లేక ముందు టైర్లు అరిగిపోతాయి, గేర్ల మీద బిగువు పడుతుంది. టైరు మార్చేటప్పుడు కూడా పాత సైజే వేయాలి.

ప్రశ్న: ఆరేళ్ల పాత మినీ ట్రాక్టర్ మూడు లక్షలకు వస్తోంది. మీటర్ 1,400 గంటలు చూపిస్తోంది. ఏం చూసి కొనాలి? (ఆదోని)

జవాబు: మీటర్‌ను కాదు, పెడళ్లను నమ్మండి. క్లచ్, బ్రేక్ పెడళ్ల మీది రబ్బరు, సీటు, స్టీరింగ్ చక్రం నున్నగా అరిగి, మీటర్ మాత్రం తక్కువ చూపిస్తుంటే అది మారిన మీటరో, చాలాకాలం పని చేయని మీటరో.

పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు ఇంజిన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే ఎవరో స్టార్ట్ చేశారు. చల్లగా ఉన్నప్పుడే మీ ఎదుట స్టార్ట్ చేయించండి. మొదట కొద్దిగా తెల్లపొగ వచ్చి పోవడం మామూలే. వేడెక్కాక కూడా నీలిపొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ పొగలుగా, ఊపుగా గాలి తన్నుతుంటే రింగులు, లైనర్ అయిపోయాయి. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీసి చూడాలి. నీటి మీద నూనె జిడ్డు ఉంటే బేరం అక్కడితో ఆపండి. బోరు నీళ్లు పోసి నడిపిన బండి అయితే లోపల తెల్లటి సున్నం పొర కనిపిస్తుంది. అలాంటి బండి ఎండాకాలంలో వేడెక్కుతుంది.

రోటావేటర్ ఎత్తి ఇంజిన్ ఆపేయండి. కొద్దిగా దిగడం సహజం. పది నిమిషాల్లో నేలకు ఆనితే సిలిండర్ సీలో, వాల్వో పోయింది. ముందు చక్రాన్ని జాకీతో లేపి పైన, కింద పట్టుకుని ఊపండి. టకటకలాడితే బేరింగ్, కింగ్ పిన్ మార్చాలి. ఎక్కువ గేర్‌లో, బ్రేక్ తొక్కి ఉంచి నెమ్మదిగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తుంటే క్లచ్ ప్లేటు జారుతోంది. చిన్న బండి అయినా ప్లేటు మార్చాలంటే బండిని రెండుగా విడదీయాల్సిందే, కూలి ఖర్చు అక్కడే.

ఇక కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీది నంబర్లతో మీ కళ్లతో సరిచూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరిందన్న మాట చాలదు. ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. ఆదోని దగ్గర కర్ణాటక బండ్లు కూడా తిరుగుతాయి. అలాంటిదైతే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఫారం 28 (నిరభ్యంతర పత్రం) లేకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న: సబ్సిడీ ఉంటుందా? జీఎస్టీ తగ్గిందంటున్నారు, నిజమేనా? లైసెన్సు ఏది కావాలి? (జగిత్యాల)

జవాబు: జీఎస్టీ తగ్గిన మాట నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద 12 శాతం ఉన్నది 5 శాతమైంది. టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు వచ్చింది. పన్ను కాకుండా ఐదు లక్షల బండికి 35 వేల తేడా. కొటేషన్‌లో బండి ధర, పన్ను, బీమా, రిజిస్ట్రేషన్, బంపర్, హుక్కు, టాప్ విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే అంకె చెప్పే డీలరు దగ్గర తగ్గిన పన్ను ఎక్కడికి పోయిందో తెలియదు.

సబ్సిడీ కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే యాంత్రీకరణ పథకం కింద వస్తుంది. మార్గదర్శకాల ప్రకారం ఎస్సీ, ఎస్టీ, మహిళా, చిన్న, సన్నకారు రైతులకు 50 శాతం, ఇతరులకు 40 శాతం, దాని మీద గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఏ ఏడాది ఏ యంత్రానికి ఇస్తారన్నది రాష్ట్రం నిధులను బట్టి మారుతుంది. తెలంగాణలో మీ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) రైతు వేదికలో, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో అడగండి. మంజూరు కాగితం రాకముందే బిల్లు చేయించుకోకండి. ముందు కొని తర్వాత దరఖాస్తు పెట్టినవాళ్లకు సాధారణంగా సబ్సిడీ రాదు.

లైసెన్సు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) చాలు, ఖాళీ బరువు 7,500 కిలోల లోపు ట్రాక్టర్ ఆ తరగతిలోనే వస్తుంది. ట్రక్కు (ట్రైలర్) కొంటే దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది.

ప్రశ్న: కొల్లిపర వైపు పసుపు, అరటి వేస్తాం. కొత్త బండికి ఏడాదిలో రెండుసార్లు పీటీవో షాఫ్ట్ క్రాస్ (కొసన ఉండే ప్లస్ ఆకారపు కీలు) విరిగింది. రోటావేటర్ ఎత్తగానే కటకట శబ్దం వస్తోంది. నాసిరకం సరుకేనా?

జవాబు: సరుకు కంటే కొలత మీద మాకు అనుమానం. రోటావేటర్‌తో వచ్చే షాఫ్ట్ సాధారణంగా పెద్ద ట్రాక్టర్ల పొడవుకు ఉంటుంది. మినీ బండిలో పీటీవోకు, గేర్‌బాక్సుకు మధ్య దూరం తక్కువ. ఎత్తుతున్నప్పుడు ఆ దూరం ఇంకా తగ్గే చోట లోపలి కడ్డీ పైపు అడుగుకు గుద్దుకుంటుంది. అప్పుడు దెబ్బ పడేది క్రాస్ మీద, ఆ తర్వాత ట్రాక్టర్ పీటీవో బేరింగ్ మీద.

ఇంజిన్ ఆపి షాఫ్ట్‌ను రెండు ముక్కలుగా లాగండి. ఒకదాన్ని ట్రాక్టర్‌కు, ఇంకోదాన్ని రోటావేటర్‌కు తగిలించి పక్కపక్కన పట్టండి. రోటావేటర్‌ను నెమ్మదిగా పైకి, కిందికి కదిలిస్తూ రెండు కొసలూ అతి దగ్గరగా వచ్చే చోట ఆపి, దాని కింద దుంగలు పెట్టండి. అక్కడ కడ్డీకి, పైపు అడుగుకు మధ్య అంగుళం ఖాళీ మిగలాలి. లేకపోతే అంత మేర రెండు ముక్కలనూ, పైనున్న ప్లాస్టిక్ తొడుగులనూ సమానంగా కోయించండి. కోసిన అంచులు ఆకురాయితో నున్నగా చేసి గ్రీజు రాయండి. అతి దూరంగా జరిగినప్పుడు కూడా మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. అంతకంటే తక్కువైతే నడుస్తుండగా ఊడి చేతికర్రలా కొడుతుంది.

మళ్లీ కలిపేటప్పుడు షాఫ్ట్ రెండు కొసల్లోని ఫోర్కులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా కలిపితే బండి అంతా వణుకుతుంది. తర్వాత ఎత్తు. సాలు చివర మలుపులో పీటీవో తిరుగుతుండగానే రోటావేటర్‌ను పూర్తిగా పైకి లేపుతున్నారేమో గమనించండి. బ్లేళ్లు నేలను వదిలేంత లేపితే చాలు. కంట్రోల్ లీవర్‌కు అక్కడే ఆపు బిగించుకోవచ్చు.

ఇంకొకటి: మీ బండి పీటీవోకు రెండు వేగాలు ఉంటే లీవర్ 540 (నిమిషానికి చుట్లు) మీదే ఉందా? రోటావేటర్ 540కే చేసినది. పై వేగంలో నడిపితే పని తొందరగా అవుతున్నట్టు అనిపిస్తుంది, గేర్‌బాక్సు మాత్రం పోతుంది. షియర్ బోల్టు తెగితే అదే రకం వేయండి. గట్టి బోల్టు వేస్తే రాయి తగిలినప్పుడు తెగాల్సింది తెగక గేరు విరుగుతుంది.

ఆ ప్లాస్టిక్ తొడుగు పగిలితే మార్చేదాకా బండి నడపకండి. లుంగీ, తువ్వాలు, చీర కొంగు కొస ఒక్కటి అందితే చాలు, తిరిగే షాఫ్ట్ మనిషిని లాగేస్తుంది.

ప్రశ్న: 24 హెచ్‌పీ బండికి ట్రక్కులో ఎంత బరువు వేయవచ్చు? (అశ్వారావుపేట, పామాయిల్ రైతు)

జవాబు: లాగడం సమస్య కాదు, ఆపడం సమస్య. బండి బరువు టన్ను లోపే ఉంటుంది. బ్రేకులు లేని ట్రక్కులో రెండు టన్నుల గెలలు వేస్తే పల్లంలో ట్రక్కే బండిని తోస్తుంది. బరువుతో కలిపి ట్రక్కు టన్నున్నర దాటకుండా చూసుకుంటే మేలు. దిగుడులో న్యూట్రల్ వేయకండి, ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. రోడ్డెక్కేముందు రెండు బ్రేక్ పెడళ్లనూ కలిపే కొక్కెం వేయండి. పొలంలో విడివిడిగా వదిలి మర్చిపోతే, రోడ్డు మీద ఒక్క చక్రానికే బ్రేకు పడి బండి అడ్డం తిరుగుతుంది. ట్రక్కును కింది హుక్కుకే తగిలించాలి, టాప్ లింక్ బ్రాకెట్‌కు ఎప్పుడూ కాదు.

ప్రశ్న: నా పేరు మీద ఐదెకరాలు ఉంది. బండి నేనే నడపాలనుకుంటున్నాను. మహిళలకు నేర్పేవాళ్లు ఉన్నారా? (ధర్మవరం)

జవాబు: మీకు దగ్గర్లోనే ఉన్నారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ట్రాక్టర్ ఎంపిక, నడపడం, సంరక్షణ మీద రైతులకు శిక్షణ ఇస్తారు. బండి కొనకముందే వెళ్లండి. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కడానికి కాలు అందుతుందో లేదో, సీటు ముందుకు జరుగుతుందో లేదో మీరే కూర్చుని చూశాక మోడల్ ఖాయం చేసుకోండి. పవర్ స్టీరింగ్ ఉన్నది తీసుకుంటే మలుపుల్లో భుజాలకు శ్రమ ఉండదు.

ప్రశ్న: రెండెకరాల కూరగాయల చేనుకు మినీ ట్రాక్టర్ కొనమంటారా? (శంకర్‌పల్లి)

జవాబు: వద్దు. 12, 13 హెచ్‌పీ పవర్ టిల్లర్ లేదా కలుపు తీసే చిన్న వీడర్ చాలు. తొలి దుక్కికి బండి అద్దెకు తెచ్చుకోండి.